టోపాజ్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చేరింది. హిందూ మహాసముద్రంలో చిన్న చిన్న దీవుల దేశమైన సీషెల్స్ సైన్యం దగ్గరున్న ఆయుధాల మీద తెలుగులో రాయాలని ఒకరికి అనిపించడమే నాకు పెద్ద సంతోషం, అందుకే ఫోన్లో రెండు మాటలు చెప్పి వదిలేయకుండా కూర్చుని ఉత్తరం రాస్తున్నాను. మొదటి రెండు పేజీలు ఆపకుండా చదివించావు. మూడో పేజీలో పట్టిక వచ్చింది. గస్తీ నౌకలు ఇన్ని, విమానాలు ఇన్ని, సాయుధ వాహనాలు ఇన్ని, మోర్టార్లు ఇన్ని. పచారీ కొట్టు చీటీ చదివినట్టు చదివాను, ఒక్క వస్తువూ కళ్లకు కట్టలేదు.

లక్షల మంది సైనికులున్న దేశం గురించి రాస్తే పట్టిక తప్పదు, అన్ని ట్యాంకుల పుట్టుపూర్వోత్తరాలు ఎవరు చెప్పగలరు? సీషెల్స్ సంగతి అది కాదు. దేశ జనాభా లక్షకు కాస్త అటూ ఇటూ, మన దగ్గర ఒక మోస్తరు మున్సిపాలిటీ అంత. సైన్యంలో ఉన్నది వేల మంది కాదు, వందల మంది. పెద్ద ఓడలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ప్రతిదానికీ పేరుంది, ఎక్కడో పుట్టి ఎవరో ఇస్తే వచ్చిన కథ ఉంది. అలాంటి చోట అంకెలు రాసి వదిలేస్తే చేతికందిన కథను వదులుకున్నట్టే. పట్టిక తీసెయ్. ఒక ఓడను పట్టుకో. నన్నడిగితే టోపాజ్ అనే గస్తీ ఓడను పట్టుకో.

దానికంటే ముందు సముద్రం ఎంతో చెప్పాలి, నీ వ్యాసంలో అదే లేదు. నేల మొత్తం కలిపితే 455 చదరపు కిలోమీటర్లు, మన పాత జీహెచ్ఎంసీ 650 ఉండేది కదా, అంతకంటే తక్కువ. కానీ ఆ దేశం కాపలా కాయాల్సిన సముద్రం దాదాపు 13 లక్షల 70 వేల చదరపు కిలోమీటర్లు. ఆంధ్ర, తెలంగాణ కలిపితే రెండు లక్షల డెబ్బై అయిదు వేలు, అంటే దానికి ఐదింతలు నీళ్లు. రాజధాని విక్టోరియా ఉన్న మాహే దీవి నుంచి అల్దాబ్రా దీవికి వెయ్యి కిలోమీటర్ల పైన దూరం. నువ్వు సీషెల్స్ గస్తీ నౌక జొరాస్టర్ 35 నాట్ల వేగంతో దూసుకుపోతుందని రాశావు. దాదాపు ఆ వేగం ఉంది, నిజమే, కానీ గస్తీ తిరిగే ఓడ ఆ వేగంతో తిరగదు, తిరిగితే డీజిల్ ఎన్ని గంటలొస్తుంది? 12 నాట్లనుకో, అంటే గంటకు 22 కిలోమీటర్లు. అల్దాబ్రా చేరడానికి రెండు పగళ్లు, రెండు రాత్రులు. అక్కడ ఎవడో దొంగతనంగా వల వేశాడని కబురొస్తే, ఓడ వెళ్లేసరికి వాడుంటాడా? ఈ లెక్క పాఠకుడి ముందు వేసి చూపించు. అప్పుడు సముద్రం మీద నిఘా వేసే డోర్నియర్ విమానం ఎందుకు కావాల్సొచ్చిందో నువ్వు చెప్పక్కర్లేదు, వాడే అర్థం చేసుకుంటాడు. మన హెచ్ఏఎల్ కాన్పూర్‌లో తయారు చేసే ఆ డోర్నియర్-228 మొదటిది 2013లో మన దేశం ఇచ్చింది, రెండోది 2018లో. నువ్వు 'రెండు డోర్నియర్లు' అని ఒక గడిలో రాసి ముందుకెళ్లిపోయావు.

ఇక రెండో సంగతి. ఏ సామాను ఏ భయం వల్ల వచ్చిందో చూడు. 1976లో స్వాతంత్ర్యం వచ్చింది, 1977 జూన్‌లోనే ఫ్రాన్స్-ఆల్బర్ట్ రెనె అనే నాయకుడు అప్పటి ప్రభుత్వాన్ని కూలదోసి గద్దెనెక్కాడు. అప్పటిదాకా ఆ దేశానికి చెప్పుకోదగ్గ సైన్యమే లేదు. గద్దె ఎక్కినవాడికి దిగిపోతానేమోనన్న భయం ఉంటుంది కాబట్టి సైన్యాన్ని కట్టాడు, టాంజానియా వాళ్లు వచ్చి తర్ఫీదు ఇచ్చారు, బీఆర్‌డీఎం-2 లాంటి సోవియట్ సాయుధ వాహనాలు వచ్చాయి. ఆ భయం ఉత్తిది కూడా కాదు. 1981 నవంబరు 25న మైక్ హోర్ అనే కిరాయి సైనికుడు తన మనుషుల్ని బీరు తాగే క్లబ్బు సభ్యులుగా వేషం కట్టించి మాహే విమానాశ్రయంలో దించాడు. సంచుల్లో పైన బొమ్మలు, అడుగున తుపాకులు. కస్టమ్స్ వాళ్లు ఒక సంచీలో తుపాకీ చూడటంతో గుట్టు రట్టయింది, కాల్పులు మొదలయ్యాయి. చివరికి వాళ్లలో చాలామంది ఎలా తప్పించుకున్నారో తెలుసా, అప్పుడే అక్కడ దిగిన ఎయిరిండియా బోయింగ్ 707ని హైజాక్ చేసి దక్షిణాఫ్రికాలోని డర్బన్ వెళ్లిపోయారు. బొంబాయి రావాల్సిన విమానం అది. మన పాఠకుడికి ఇంతకంటే మంచి ద్వారం ఎక్కడ దొరుకుతుంది? నీ వ్యాసంలో దీనికి ఒక్క వాక్యం ఇచ్చావు, ఎయిరిండియా మాటే లేదు.

అప్పటి భయం విమానాశ్రయం మీద, రేడియో స్టేషన్ మీద. తర్వాత భయం మారింది. 2009 నాటికి సోమాలియా సముద్రపు దొంగలు వెయ్యి కిలోమీటర్లకు పైగా దాటుకుని సీషెల్స్ దాకా వచ్చేశారు. ఆ దేశం తినేది, అమ్మేది టూనా చేప, మన విశాఖ రేవులో సూర అంటారు చూడు, ఆ జాతి. విక్టోరియాలో టూనా డబ్బాల్లో నింపే పెద్ద ఫ్యాక్టరీ ఉంది. జాలరి సముద్రంలోకి వెళ్లడానికి జంకితే ఆ ఊరికి పొయ్యి వెలగదు. బీఆర్‌డీఎం బండి ఆ సముద్రం మీద ఏం చేస్తుంది? అప్పుడు ఓడలు కావాలి, ఆకాశం నుంచి చూసే కళ్లు కావాలి, ఒడ్డున రాడార్లు కావాలి. పట్టికలో అన్నీ ఒక వరసలో కనిపిస్తాయి కానీ సాయుధ బండికీ గస్తీ ఓడకీ మధ్య పాతికేళ్లు, రెండు వేరువేరు భయాలు ఉన్నాయి.

ఇప్పుడు టోపాజ్. అది మన ఓడ. కలకత్తాలో జీఆర్ఎస్ఈ అనే ఓడల కర్మాగారం కట్టింది, పొడవు 46 మీటర్లు, మన నౌకాదళంలో ఉన్నప్పుడు పేరు ఐఎన్ఎస్ తర్ముగ్లీ. 2005లో సీషెల్స్‌కి ఇచ్చేశాం. 2010 మార్చి 30న దొంగలు ఒక ఇరాన్ పడవనూ, గలాతె అనే సీషెల్స్ చేపల పడవలోని వాళ్లనూ పట్టుకుని పోతుంటే ఈ టోపాజే అడ్డం పడింది. కాల్పులకు పడవ అంటుకుంది, బందీలు నీళ్లలోకి దూకారు, మొత్తం 27 మందిని పైకి లాగారు, ఆరుగురు సీషెల్స్ వాళ్లు, 21 మంది ఇరాన్ వాళ్లు. తిరిగొస్తుంటే ఇంకో దొంగల గుంపు ఎదురుపడితే వాళ్లతోనూ తలపడింది. ఈ ఘట్టం బాగా రాశావు, ఒక్క వాక్యం తప్ప. 'మన మెదక్ ఫిరంగి దొంగల పడవను ముంచేసింది' అన్నావు.

ఇక్కడ కాస్త ఆగు. టోపాజ్ తరగతి ఓడలకు, అంటే అదే నమూనాలో కట్టినవాటికి, 30 ఎంఎం మెదక్ ఫిరంగి అమరుస్తారన్నది నిజం. సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలో ఉన్న ఫ్యాక్టరీ, బీఎంపీ-2 సాయుధ బండ్లు తయారయ్యే చోటు, ఆ బండి మీది ఫిరంగినే ఓడకు పనికొచ్చేలా మార్చారు. ఓడల గురించి రాసేవాళ్లు దాన్ని మెదక్ అనే పిలుస్తారు, మన జిల్లా పేరు సముద్రం మీదికి అలా వెళ్లింది. టోపాజ్ దొంగలతో తలపడిందన్నదీ నిజం. కానీ ఆ రోజు పడవకు తగిలిన గుండు ఈ ఫిరంగిదే అని నీకు ఎవరు చెప్పారు? ఓడ మీద మెషిన్‌గన్లు కూడా ఉంటాయి. రెండు నిజాల్ని పట్టుకొచ్చి మధ్యలో ముడి నువ్వు వేశావు. మనూరి వస్తువు కనిపించగానే గుండె ఉప్పొంగుతుంది, నాకు తెలుసు, నాకూ ఉప్పొంగుతుంది. ఆ సంతోషాన్ని రాయి, తప్పులేదు. ఫిరంగి ఎద్దుమైలారం నుంచి అంత దూరం వెళ్లిందని రాయి, అది చాలదా?

పేర్ల దగ్గర ఇంకా జాగ్రత్త. నువ్వు 'విశాఖపట్నంలో నౌకాదళంలో చేరిన తర్ముగ్లీ తర్వాత సీషెల్స్‌కి టోపాజ్‌గా వెళ్లింది' అని రాశావు. తర్ముగ్లీలు రెండు. మొదటిది త్రింకాట్ తరగతి ఓడ, అదే 2005లో టోపాజ్ అయింది. పేరు ఖాళీ అయింది కదా, అండమాన్‌లోని దీవి పేరది, దాన్ని మళ్లీ కొత్త ఓడకు పెట్టారు. ఆ కొత్త తర్ముగ్లీ 2016లో విశాఖలో చేరింది. దాన్ని 2023 మేలో మాల్దీవులకు ఇచ్చారు, అక్కడ దాని పేరు హురవీ. హురవీలు కూడా రెండు, అంతకుముందు 2006లో మనం ఇచ్చిన తిల్లాంచాంగ్‌కు కూడా అదే పేరు పెట్టుకున్నారు వాళ్లు. తరాసా కూడా అంతే, పాత తరాసా 2014లో సీషెల్స్‌కి వెళ్లి కాన్‌స్టెంట్ అయింది, 2017లో ముంబైలో ఇంకో తరాసా నౌకాదళంలో చేరింది. అందుకని ఓడ పేరు రాసినప్పుడల్లా పక్కన ఏ తరగతి, ఏ సంవత్సరం అన్నది నీ నోట్‌బుక్‌లో ఉండాల్సిందే, వ్యాసంలో పెట్టినా పెట్టకపోయినా.

ఇది ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మాల్దీవులకు ఓడ ఇచ్చిన ఆ నెలలోనే నేనూ ఒక పత్రికకు హడావుడిగా రాసిచ్చాను, రెండు తర్ముగ్లీలనూ కలిపేశాను. అచ్చయిన మూడో రోజున గాజువాక నుంచి ఒకాయన ఫోన్ చేశారు, నేవీలో చేసి రిటైరైన పెద్దాయన. కోప్పడలేదు. "పాత తర్ముగ్లీకి మా చేతుల్తో తుప్పు గీకి రంగేశాం బాబూ, దాని పేరు మీద ఇంకో ఓడ కథ రాస్తే మాకెలా ఉంటుంది" అన్నారు, అంతే. ఆ తర్వాత రెండు రోజులు నాకు అన్నం సరిగ్గా సయించలేదు.

ఆయనే తర్వాత నాకు ఒక పాఠం చెప్పారు, నీకూ పనికొస్తుంది. ఓ నేవీ డే అప్పుడు విశాఖలో జనాన్ని ఓడలెక్కనిస్తుంటే నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్లారు. నేను ఫిరంగి ఎంత దూరం కొడుతుందని అడగబోతుంటే, ఆయన నన్ను దాని మొదట్లో, ఉక్కు పలక డెక్కుకు బిగించి ఉన్న చోట వంగి చూడమన్నారు. బోల్టుల చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది, ఎంత సన్నగా అంటే వేలితో రాస్తే తప్ప తెలియదు. రాసి చూశాను, పొడిగా, కాస్త జిడ్డుగా తగిలింది, కింద గ్రీజు. సముద్రం మీంచి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగాలి, గుడ్డతో తుడవాలి, మళ్లీ గ్రీజు పెట్టాలి, గొట్టం మూతికి మూత బిగించి పైన కాన్వాసు గుడ్డ కట్టాలి. నాలుగు రోజులు వదిలేస్తే తుప్పు మొదలవుతుంది. ఈ పని రోజూ చెయ్యడానికి మనుషులుండాలి. వందల మంది మాత్రమే ఉన్న సైన్యంలో ఆ మనుషులు ఎక్కడి నుంచి వస్తారు, ఇంజిన్ విడిభాగం పోతే ఏ దేశం నుంచి రావాలి, వచ్చేదాకా ఓడ ఎన్ని నెలలు జెట్టీకి కట్టేసి ఉండాలి? పట్టికలో 'గస్తీ నౌక: 1' అని ఉంటుంది. జెట్టీకి కట్టేసి ఉన్నా అది 1, సముద్రంలో ఉన్నా అది 1.

సైనిక పట్టికల్లో కొన్ని అంకెల పక్కన చిన్న కత్తి గుర్తు (†) ఉంటుంది, గమనించావా? ఆ సామాను పని చేసే స్థితిలో ఉందన్నది అనుమానమే అని అర్థం. నువ్వు అంకెలు ఎక్కించుకున్నావు, కత్తి గుర్తులు వదిలేశావు. పాత సోవియట్ సామాను గురించి రాసేటప్పుడు ఆ గుర్తే అసలు వార్త.

ఇచ్చినవాళ్ల గురించి కూడా రాయి, మన దేశం ఒక్కటే కాదు. కోస్ట్‌గార్డ్ స్థావరం కట్టడానికి డబ్బిచ్చి గస్తీ పడవలు పంపింది యూఏఈ. చైనా వై-12 విమానాలిచ్చింది. అమెరికా 2009 నుంచి కొన్నేళ్లు తన రీపర్ డ్రోన్లను మాహే నుంచి ఎగరేసింది, 2011 డిసెంబరులో ఒకటి అక్కడే కూలింది కూడా. 2021 ఏప్రిల్‌లో మన జీఆర్ఎస్ఈ కట్టిన జొరాస్టర్ వెళ్లింది, వంద కోట్ల ఓడ. ఇంతమంది అంత చిన్న దేశానికి ఊరికే ఇవ్వరు, ఆ దేశం వాళ్లకీ ఆ సంగతి తెలుసు. సీషెల్స్‌లోని అజంప్షన్ దీవిలో మనం సైన్యానికి పనికొచ్చే సౌకర్యాలు కడతామని 2015లో ఒప్పందం, 2018లో దాన్నే సవరించి ఇంకోటి చేసుకున్నా, అక్కడి జనం వీధుల్లోకొచ్చి వద్దన్నారు, పని ముందుకు సాగలేదు. దీన్ని నువ్వు పూర్తిగా వదిలేశావు, మన దేశానికి నచ్చని సంగతని వదిలేశావేమో అనిపించింది. వాళ్ల దీవి అది. వాళ్ల మాట కూడా వ్యాసంలో వినిపించాలి.

భాష గురించి రెండే మాటలు. 'అత్యాధునిక', 'శత్రు భీకర' లాంటివి కొట్టెయ్, టోపాజ్ మన దగ్గర వాడి ఇచ్చిన ఓడ, దాని గొప్పతనం వేరే. 'నిఘా సామర్థ్యాన్ని పెంపొందించడం జరిగింది' అని కూడా రాయకు, ఎవరు, ఎక్కడ, ఏది పెట్టారో రాయి. 2015 మార్చిలో మన ప్రధాని మాహే వెళ్లి తీర రాడార్ల వ్యవస్థ ప్రారంభించారు, అంతే వాక్యం.

రెండో ప్రతి టోపాజ్‌తో మొదలుపెట్టి రాయి. నెలాఖరు దాకా నేను ఊళ్లోనే ఉంటాను. ప్రింటు తీసి పోస్టులో పంపు, ఫోన్లో చదివితే నాకు మార్జిన్లో రాయడం కుదరదు. ఆ గాజువాక పెద్దాయన నంబరు కూడా ఇస్తాను, ముందు ఆయన్ని ఒక మాట అడగనీ.

మీ అన్నయ్య