నర్సింగ్ ఫస్టియర్‌లో పక్కలు వేయడం నేర్పిస్తున్నారు, మాన్పించి బెంగళూరులో చేర్చమంటారా అని అడిగిన తండ్రికి

సూర్యాపేట వైపు నుంచి ఒక తండ్రి రాసిన ప్రశ్న ఇది, కుదించి పెడుతున్నా. అమ్మాయికి నీట్‌లో సీటు రాలేదు, హైదరాబాద్‌లో బీఎస్సీ నర్సింగ్‌లో చేర్చారు, ఇప్పుడు మొదటి సెమిస్టర్ నడుస్తోంది. "నర్సింగ్ ఫౌండేషన్ అని చెప్పి పక్కలు వేయడం, స్పాంజ్ బాత్, బెడ్‌ప్యాన్, పేషెంట్‌తో ఎలా మాట్లాడాలి, ఇవే చెప్తున్నారు సార్, ఇవన్నీ ఆయాలు చేసే పనులు కదా. మొన్న వార్డు నుంచి వచ్చి ఫోన్ చేసి ఒకటే ఏడుపు. తెలిసినాయన ఒకరు బెంగళూరులో కాలేజీ ఉంది, అటెండెన్స్ అక్కర్లేదు, ఇంట్లోనే ఉండి జర్మన్ నేర్చుకోవచ్చు, డిగ్రీ ప్లస్ జర్మనీ ఉద్యోగం ప్యాకేజీ అంటున్నాడు, కొంత అడ్వాన్స్ కూడా ఇచ్చాం. రెండిట్లో ఏది బెటరో పోల్చి చెప్పండి."

పోలుస్తాను సార్, కానీ మీ ఉత్తరంలో కాలేజీల గురించి రెండు లైన్లే ఉన్నాయి, మిగతాదంతా ఆ పనుల గురించే ఉంది. ఇలాంటి ప్రశ్న నాకు ప్రతి ఏడాదీ అడ్మిషన్లు అయిన నెలా రెండు నెలలకి వస్తూనే ఉంటుంది, జిల్లా మారుతుంది, కాలేజీ పేరు మారుతుంది, లోపలున్న బాధ మాత్రం అదే. డాక్టర్ అవుతుందనుకున్న పిల్ల ముక్కూ మొహం తెలియనివాళ్ళ మలమూత్రాలు ఎత్తుతోంది, చుట్టాలకి ఏం చెప్పుకోవాలి, రేపు పెళ్ళి సంబంధాల్లో ఏమంటారు. అది అడగలేక జర్మనీ గురించి అడుగుతున్నారు. అందుకే ముందు దానికే జవాబు చెప్తాను.

ఆయా పని అన్నారు కదా, ఒక్క స్పాంజ్ బాత్ తీసుకోండి. పక్షవాతం వచ్చి మంచం మీదున్న పెద్దాయనకి మీ అమ్మాయి ఒళ్ళు తుడుస్తోంది అంటే ఆ పది పదిహేను నిమిషాలూ ఆయన ఒళ్ళంతా పరీక్ష చేస్తోందన్నమాట. నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందా, వేలితో నొక్కితే ఆ ఎరుపు పోతోందా పోవట్లేదా, పోకపోతే అక్కడ పుండు మొదలైపోయినట్టే, ఇంకొన్నాళ్ళు ఎవరూ చూడకపోతే ఎముక దాకా పోతుంది, ఇన్ఫెక్షన్ రక్తంలోకి ఎక్కితే మనిషే దక్కడు. దుప్పటి ముడతల్లేకుండా లాగి వేయాలి, రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి అని ట్యూటర్ అంత గట్టిగా పట్టుకునేది అందుకే. నోరు శుభ్రం చేయడం కూడా అంతే, మంచం పట్టిన మనిషి నోట్లో పేరుకున్న సూక్ష్మజీవులు ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. ఆయాలు కూడా ఒళ్ళు తుడుస్తారు, వాళ్ళని తక్కువ చేసి మాట్లాడే హక్కు మనకెవరికీ లేదు, కానీ ఆ ఎరుపు చూసి అదేంటో గుర్తుపట్టి, చార్టులో రాసి, డాక్టర్‌కి చెప్పి, రేపటికల్లా దాని సంగతి ఏంటి అని ప్లాన్ వేసే బాధ్యత నర్సుది.

ముంబై కేఈఎం ఆసుపత్రి నర్సు అరుణా శాన్‌బాగ్ సంగతి మీరు వినే ఉంటారు. 1973లో ఆమె మీద జరిగిన దాడి తర్వాత మెదడు దెబ్బతిని మంచానికే పరిమితమైంది, 2015 మేలో చనిపోయేదాకా ఆ ఆసుపత్రి నర్సులే చూసుకున్నారు, ఒక బ్యాచ్ రిటైరైతే ఇంకో బ్యాచ్. అన్నేళ్ళు కదల్లేని మనిషికి ఒక్క బెడ్‌సోర్ కూడా, అంటే ఇందాక చెప్పిన ఆ పుండు, రానివ్వలేదని 2011లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన కేసులో రికార్డయింది. మీరు ఆయా పని అంటున్నది అదే సార్, పక్క వేయడం, తిప్పడం, తుడవడం, తినిపించడం. అంతకంటే పెద్ద గౌరవం ఏ వృత్తికైనా ఉందంటే నేను ఒప్పుకోను.

ఇక మాట్లాడటం కూడా ఒక సబ్జెక్టా అన్నారు. మన వార్డుల్లో ఒకే పేరుతో ఇద్దరు లక్ష్మమ్మలు ఉండటం మామూలే. మందు ఇచ్చే ముందు "మీరు లక్ష్మమ్మేనా" అని అడిగితే చెవి సరిగా వినపడని ముసలమ్మ ఆఁ అని తలూపేస్తుంది, అందుకే "అమ్మా మీ పేరు చెప్పండి" అని అడిగి, చేతికున్న బ్యాండు, కేస్ షీటు చూసి అప్పుడు ఇవ్వాలని నేర్పిస్తారు. సరైన మనిషి, సరైన మందు, సరైన మోతాదు, సరైన దారి (నోటితోనా, ఇంజక్షన్‌గానా), సరైన టైము, ఇవి నోటికి వచ్చేదాకా వదలరు. ఫోన్లో డాక్టర్ చెప్పిన మోతాదు తిరిగి చదివి వినిపించి సరేనా అని అడగాలి. ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళు గ్యాస్ పట్టేసిందమ్మా, గాబరాగా ఉంది అంటారు, దాన్ని గ్యాసే అనుకుని వదిలేసే నర్సుకీ, ఎప్పట్నుంచి పెద్దాయనా, చెమట పట్టిందా, చెయ్యి గానీ దవడ గానీ లాగుతోందా అని పక్కన నిలబడి అడిగే నర్సుకీ మధ్య తేడా ఒక ప్రాణం. శ్వాస లెక్కపెట్టడం ఇంకోటి. పేషెంట్‌కి చెప్తే తెలియకుండానే శ్వాస మారిపోతుంది కాబట్టి నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకునే ఉండి నిమిషం మొత్తం లెక్కపెట్టాలి, చాలాచోట్ల లెక్కపెట్టకుండా చార్టులో 20 అని వేసేస్తారు, మనిషి దిగజారుతున్నాడని చాలాసార్లు ముందు చెప్పేది ఆ అంకే. మీ అమ్మాయికి ఇది నిజాయితీగా లెక్కపెట్టడం ఇప్పుడే అలవాటైతే జన్మంతా ఉంటుంది, ఫస్టియర్‌లో దొంగ అంకె వేయడం అలవాటైతే అది కూడా జన్మంతా ఉంటుంది.

ఎథిక్స్ అంటే పుస్తకంలో నాలుగు పాయింట్లు అనుకుంటారు తల్లిదండ్రులు. వార్డులో అది రోజూ ఎదురుపడుతుంది. మన ఇళ్ళల్లో కొడుకులు చాటుకి పిలిచి "నాన్నకి క్యాన్సర్ అని చెప్పకండి సిస్టర్" అంటారు, అదే పెద్దాయన రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉన్నప్పుడు "నాకేమైందమ్మా, నిజం చెప్పు" అని చెయ్యి పట్టుకుంటాడు. పద్దెనిమిదేళ్ళ పిల్ల అక్కడ ఏం చేయాలి? రోగం పేరు తనంతట తాను బయటపెట్టకూడదు, అలాగని ఏమీ లేదులే తాతా అని అబద్ధమూ చెప్పకూడదు, కూర్చుని మీకేం అనుమానంగా ఉంది అని విని, ఆయన తెలుసుకోవాలనుకుంటున్నాడని డాక్టర్‌కీ సీనియర్‌కీ చెప్పాలి. ఎవరికైనా హెచ్ఐవి ఉందని తెలిస్తే పక్క బెడ్ వాళ్ళకి కాదు కదా, ఇంటికి ఫోన్ చేసి మీతో కూడా అనకూడదు, 2017 హెచ్ఐవి చట్టం ప్రకారం అది నేరుగా తప్పు. ఒళ్ళు తుడిచే ముందు కర్టెన్ వేయాలి, అడగాలి, వద్దంటే ఎందుకు వద్దంటున్నారో కనుక్కోవాలి, ఎంతవరకు తుడుస్తున్నామో అంతే తీయాలి, మిగతా ఒళ్ళంతా కప్పి ఉంచాలి. ఇవి పరీక్ష ముందు రాత్రి చదివితే వచ్చేవి కావు.

ఇప్పుడు జర్మనీ. వెళ్ళొద్దని నేను అనట్లేదు, అక్కడ నర్సులు కావాలి, వెళ్ళి బాగా స్థిరపడిన మన తెలుగు పిల్లలు ఉన్నారు. కానీ ఈ మధ్య జర్మనీ పేరుతో జరుగుతున్న అమ్మకం మీద నాకు చాలా అనుమానాలున్నాయి, అవి చెప్పకుండా ఊరుకోలేను. మొదటిది, మన దగ్గర ఒళ్ళు తుడవడం, తినిపించడం, బాత్‌రూముకి తీసుకెళ్ళడం పేషెంట్ తాలూకువాళ్ళు చేసుకుంటారు, నర్సు ఇంజక్షన్లు సెలైన్లు రాతపని చూస్తుంది. జర్మనీలో పేషెంట్ పక్కన చుట్టాలు పడుకోరు, అవన్నీ క్వాలిఫైడ్ నర్సు చేయాల్సిన పనులే, మన పిల్లలు చాలామంది అక్కడికెళ్ళాక షాకయ్యేది దానికే. అంటే మీరు ఏ పని తప్పించడానికి అమ్మాయిని జర్మనీ ప్యాకేజీలో పెడదామనుకుంటున్నారో ఆ పనే అక్కడ మొదటి రోజు నుంచి చేయాలి! ఈ ముక్క మీ తెలిసినాయన చెప్పాడా?

రెండోది భాష. నర్సుగా గుర్తింపు కావాలంటే మామూలుగా జర్మన్‌లో బీ2 స్థాయి, అంటే ధారాళంగా మాట్లాడగలిగే స్థాయి, అడుగుతారు, అది యాప్‌లో రోజుకి పావుగంట చూస్తే వచ్చేది కాదు. మతిమరుపు వచ్చిన ముసలావిడ అర్ధరాత్రి భయపడి ఏదో అంటే అర్థం చేసుకుని సముదాయించాలి. తెలుగులోనే పేషెంట్‌తో ఎలా మాట్లాడాలో ప్రాక్టీసు లేని పిల్ల జర్మన్‌లో ఎలా మాట్లాడుతుంది చెప్పండి. మూడోది, మన డిగ్రీని అక్కడ పోల్చి చూస్తారు, ఏది తక్కువైతే దానికి అడాప్టేషన్ ట్రైనింగో పరీక్షో పెడతారు, ఆ పరీక్షలో పేషెంట్‌ని అప్పగించి చూసుకోమంటారు, పూర్తి గుర్తింపు వచ్చేదాకా హెల్పర్ స్థాయిలో తక్కువ జీతానికే పని. యూకే సంగతి కూడా ఇంతే, అక్కడ నర్సులకి పెట్టే ప్రాక్టికల్ పరీక్ష ఓస్కీలో పేషెంట్‌ని అంచనా వేయడం, కేర్ ప్లాన్ చేయడం, వృత్తి విలువలు ఇవన్నీ స్టేషన్లుగా ఉంటాయి, వైద్యరంగం వాళ్ళ ఇంగ్లీష్ పరీక్ష ఓఈటీలో స్పీకింగ్ అంటే పేషెంట్‌తో సంభాషణే. ఎక్కడికి పోయినా అడిగేది ఈ మొదటి ఏడాది పాఠమే.

ఇక అటెండెన్స్ అక్కర్లేని కాలేజీ. ఇక్కడ కొంచెం గట్టిగానే అంటాను సార్, ఏమనుకోకండి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రూల్ ప్రకారం పరీక్ష రాయాలంటే థియరీ, ప్రాక్టికల్స్ రెండిట్లో 80 శాతం హాజరు ఉండాలి, డిగ్రీ చేతికి రావాలంటే క్లినికల్ 100 శాతం పూర్తి కావాలి. కొత్త సిలబస్‌లో ఫౌండేషన్‌కే మొదటి సెమిస్టర్‌లో 160 గంటలు, రెండో దాంట్లో 320 గంటలు వార్డు డ్యూటీ ఉంది. అటెండెన్స్ అక్కర్లేదు అంటే ఆ గంటలన్నీ దొంగ సంతకాలే. మీకు ఆపరేషన్ అయి ఐసీయూలో ఉన్నారనుకోండి, ఎప్పుడూ వార్డు మొహం చూడకుండా ఇంట్లో కూర్చుని నర్సు అయిన అమ్మాయి వచ్చి మీ లైన్‌లోకి మందు ఎక్కిస్తానంటే ఒప్పుకుంటారా? మీ ఇంటి మనిషికి వద్దనుకునే నర్సుని మీ ఇంట్లోనే తయారుచేయాలని ఎలా అనుకున్నారు! డబ్బు మీది, కానీ రేపు తప్పు జరిగితే కోర్టులో నిలబడేది మీ అమ్మాయి, ఏజెంటు కాదు. పైగా ఇక్కడ కట్టిన ఫీజు, ఒక సంవత్సరం రెండూ పోతాయి.

పోల్చమన్నారు కాబట్టి, ఇప్పుడున్న కాలేజీకి సొంత ఆసుపత్రి ఉందా, దానిలో నిజంగా పేషెంట్లు ఉన్నారా, కౌన్సిల్ లిస్టులో పేరుందా, ట్యూటర్లు వార్డుకి వస్తున్నారా, ఇవి చూసుకోండి, బాగుంటే కదపకండి. బెంగళూరులో మంచి కాలేజీలు చాలా ఉన్నాయి, మీకు చెప్పింది వాటిలో ఒకటి కాదు. ఇంతకుమించి పోల్చడానికి ఏమీ లేదు.

అమ్మాయి ఏడుపు గురించి. అది మాన్పించమనే ఏడుపు అని మీరే అనేసుకున్నారు, అడిగారా? మొదటిసారి పరాయి మగవాడి ఒళ్ళు తుడిచినప్పుడు, మొదటిసారి వాసనకి కడుపులో తిప్పినప్పుడు, మొదటి చావు చూసినప్పుడు చాలామంది ఏడుస్తారు. బాగా పనిచేసే నర్సుల్లో అలా ఏడ్చినవాళ్ళు ఎంతోమంది. కొన్ని వారాలకి ముక్కు అలవాటు పడుతుంది, చేతులు అలవాటు పడతాయి, సిగ్గు పోయి పేషెంట్ కనిపించడం మొదలవుతుంది. ఈసారి ఫోన్ చేస్తే వచ్చేయమ్మా అనకండి, ఏం జరిగిందిరా అని అడిగి పూర్తిగా వినండి, మధ్యలో సలహా ఇవ్వకండి. తిండి మానేసి, నిద్రపోక, నెలలు గడిచినా అలాగే ఉంటే మాత్రం క్లాస్ కోఆర్డినేటర్‌తో మాట్లాడండి, అప్పుడు నర్సింగ్ తనకి సరిపడుతుందా అని ఆలోచిద్దాం, అందులో తప్పేం లేదు. తనకే ఇష్టం లేకపోతే నేనే మాన్పించమంటాను.

జీతం భయం కూడా అర్థమవుతుంది. ప్రైవేటులో మొదట్లో తక్కువ ఇస్తారు, 2016లో సుప్రీంకోర్టు చెప్తే వేసిన కమిటీ 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా 20 వేలకి తగ్గకూడదు అంది, చాలాచోట్ల అమలు కావట్లేదు, అది దాచను. కానీ ఎయిమ్స్‌లో నార్సెట్ అనే ఎంపిక పరీక్ష ద్వారా వచ్చే నర్సింగ్ ఆఫీసర్‌కి బేసిక్ 44,900తో మొదలు, రాష్ట్రంలో స్టాఫ్ నర్సు నోటిఫికేషన్లు పడుతున్నాయి. నాలుగేళ్ళు నిజంగా చదివిన పిల్లకి దారులున్నాయి. సంబంధాలంటారా, నర్సు కోడలు కావాలని వెతుక్కునే ఇళ్ళు నాకు తెలుసు, వద్దనే ఇల్లు మీ అమ్మాయికి అక్కర్లేదు.

జర్మనీ కోరిక ఉంటే మూడో ఏడాది నుంచి జర్మన్ మొదలుపెట్టించండి, అదీ తను కావాలంటేనే. టైము వచ్చినప్పుడు విదేశీ ఉద్యోగాలు చూసే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో కనుక్కోండి, ప్రైవేటు ఏజెంట్ అయితే విదేశాంగ శాఖ ఈమైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టర్ అయ్యాడో లేదో చూడండి, రిజిస్టర్ అయిన ఏజెంట్ సర్వీస్ ఛార్జ్ 30 వేలు, దానిమీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. ఇప్పుడు ఇచ్చిన అడ్వాన్స్‌కి రసీదు ఉందా, ఫోన్‌పేలో కొట్టారా, ఏదున్నా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని, సీటు అక్కర్లేదు డబ్బు వెనక్కి ఇవ్వండి అని ఈ వారంలోనే వాట్సాప్‌లో రాతపూర్వకంగా పంపండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏవైనా ఆయన చేతిలో పెట్టి ఉంటే డబ్బుకంటే ముందు అవి తెచ్చుకోండి.