జైలింక్స్ ధర 35 బిలియన్లా, 49 బిలియన్లా?

(పాఠకుల ప్రశ్నలకు కర్నూలు నుంచి ఒక రిటైర్డ్ పాలిటెక్నిక్ లెక్చరర్ జవాబులు)

ప్రశ్న: సార్, నేను ఈసీఈ పూర్తిచేసి ఇంట్లోనే పోటీ పరీక్షలకు చదువుకుంటున్నాను. ఎవరైనా దిద్దగలిగే ఒక ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో జైలింక్స్ అనే చిప్పుల కంపెనీ గురించి చూస్తే, అది ఇంకా సొంతంగా నడుస్తున్న కంపెనీ అన్నట్టే ఉంది. పాత సంగతులన్నీ తీసేసి, ‘ఇది ఏఎండీ అనే మరో చిప్పుల కంపెనీలో భాగం, 49 బిలియన్ డాలర్లకు కొన్నారు’ అని రాశాను. అరగంటలో ఎవరో నా రాతంతా కొట్టేసి పాతదే పెట్టారు. మళ్లీ పెట్టాను. ఈసారి ధరను 35 బిలియన్లు చేశారు. ఒకటే టెన్షన్. తప్పు నాదా, వాళ్లదా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: ధర విషయంలో ఇద్దరూ కరెక్టేనమ్మా. పాత సంగతులు తీసేయడం మాత్రం నీ తప్పే.

ముందు ధర సంగతి. బంగారం వ్యాపారానికి పేరుపడ్డ ప్రొద్దుటూరు అమ్మాయికి ఇది చెప్పడం సులువు. జైలింక్స్‌ను కొంటున్నట్టు ఏఎండీ 2020 అక్టోబరు 27న ప్రకటించింది. ఆ రోజు లెక్కన విలువ 35 బిలియన్లు, అంటే 3,500 కోట్ల డాలర్లు. అయితే ఏఎండీ ఇచ్చింది నగదు కాదు. ఒక్కో జైలింక్స్ షేరుకు 1.7234 ఏఎండీ షేర్లు ఇస్తామంది. అనుమతులన్నీ వచ్చి కొనుగోలు పూర్తయ్యేసరికి 2022 ఫిబ్రవరి 14 అయింది. ఈలోగా ఏఎండీ షేరు బాగా పెరిగింది. ఇచ్చిన షేర్లు అవే, విలువ మాత్రం దాదాపు 49 బిలియన్లకు చేరింది.

మీ ఊళ్లో ఎవరో ఇల్లు కొంటూ, డబ్బు బదులు నూరు తులాల బంగారం ఇస్తానని అగ్రిమెంటు రాసుకున్నాడనుకో. పదహారు నెలలకు రిజిస్ట్రేషన్ రోజున తూకం వేసి ఇచ్చాడు. ఇల్లు ఎంతకు పోయిందంటే ఒకాయన అగ్రిమెంటు నాటి రేటు కట్టి చెబుతాడు, ఇంకొకాయన రిజిస్ట్రేషన్ నాటి రేటు కట్టి చెబుతాడు. మీ ఇద్దరి గొడవా అదే. రెండు అంకెలూ ఉంచు. ఏది ఏ తేదీదో పక్కనే రాసి, దేని మూలం దానికి ఇవ్వు. ఈ రోజు డాలరు రేటుతో రూపాయల్లోకి మాత్రం మార్చకు, అప్పుడు మూడో అంకె పుడుతుంది.

ఇక నువ్వు తీసేసిన సంగతులు. చేను అమ్ముడుపోయిందని లింకు డాక్యుమెంట్లు చింపేస్తామా? 1984లో రాస్ ఫ్రీమన్, బెర్నార్డ్ వాండర్‌స్మిట్, జేమ్స్ బార్నెట్ పెట్టిన కంపెనీ అది. ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చాక కూడా లోపలి లాజిక్‌ను మనకు కావలసినట్టు మార్చుకోగల చిప్, అంటే ఎఫ్‌పీజీఏ, మొదట అమ్మకానికి తెచ్చింది వాళ్లే. 1985లో వచ్చిన మొదటి చిప్ ఎక్స్‌సీ2064లో ఉన్నవి 64 లాజిక్ బ్లాకులే. సొంత ఫ్యాక్టరీ పెట్టకుండా చిప్పులు బయట చేయించుకోవడం అప్పట్లో విడ్డూరం. ఫ్రీమన్ 1989లోనే చనిపోయారు, దాని వైభవం పూర్తిగా చూడనేలేదు. మా ల్యాబ్‌లో జైలింక్స్ చిప్ ఉన్న స్పార్టన్-3 కిట్లు రెండే ఉండేవి. ఒక్కో దాని చుట్టూ పన్నెండు మంది పిల్లలు మూగేవాళ్లు. ఎల్‌ఈడీ వెలిగితే చాలు, చప్పట్లు. కంపెనీ చేతులు మారిందని ఇదంతా జరగలేదనలేం కదా.

జైలింక్స్‌కు పోటీదారైన ఆల్టెరా సంగతి చూడు. ఇంటెల్ దాన్ని 2015లో కొన్నది. 2025లో 51 శాతం వాటాను సిల్వర్ లేక్ అనే పెట్టుబడి సంస్థకు అమ్మేసింది. 2015లోనే ఎవరైనా ఉత్సాహంగా ఆల్టెరా పేజీని ఎత్తేసి ఇంటెల్‌లో కలిపి ఉంటే, పదేళ్లకు మళ్లీ విడదీయాల్సి వచ్చేది.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఇదీ. మూడోసారి మార్చొద్దు. వ్యాసం వెనకే చర్చ పేజీ ఉంటుంది. రెండు తేదీలు, రెండు ధరల సంగతి అక్కడ రాయి, అవతలి వ్యక్తి చూస్తాడు. తర్వాత మొదటి వాక్యంలో ‘కంపెనీ’ని ‘2022లో ఏఎండీలో కలిసిన కంపెనీ’ చెయ్యి. వ్యాసం పక్కనుండే సమాచార పెట్టెలో యజమాని పేరు మార్చు. ఒక్కో మార్పూ విడిగా సేవ్ చేసి, ఎందుకు చేశావో సారాంశంలో ఒక ముక్క రాయి. అంతా ఒకేసారి మార్చేస్తే, నచ్చని ఒక్క వాక్యం కోసం మొత్తం కొట్టేస్తారు. నీకు జరిగింది అదే. ఏఎండీ వ్యాసంలో కూడా ఆ సంగతి ఉందో లేదో చూడు, చాలామంది అది మర్చిపోతారు.

‘ప్రస్తుతం’ అనే మాట జోలికి పోకు. నేను ఒకచోట ‘జైలింక్స్ ప్రస్తుత సీఈఓ మోషే గవ్రియెలోవ్’ అని రాసి వదిలేశాను. 2018 జనవరిలో విక్టర్ పెంగ్ వచ్చారు. నా వాక్యం మాత్రం కదల్లేదు. ఆ మరుసటి ఏడు ఒక కుర్రాడు సెమినార్‌లో నా ముందే దాన్ని చదివి వినిపించాడు. ఎక్కడిదిరా ఇది అని గదమాయించబోయి నోరు మూసుకున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరులో ఒక చిప్ డిజైన్ కంపెనీలో ఉన్నాడు. కంపెనీ గురించి వికీపీడియాలో బాగా రాయమని వాళ్ల మేనేజర్ చెప్పాడట. రాయొచ్చా?
– ఒక తండ్రి, అనంతపురం

జవాబు: సొంత పెళ్లి సంబంధానికి తానే మధ్యవర్తిగా వెళ్లినట్టుంటుందండీ. జీతమిచ్చే సంస్థ కోసం రాసేవాళ్లు ఆ సంగతి బయటపెట్టి తీరాలని వికీపీడియా షరతు. మీవాడు ఖాతా పేజీలో ఫలానా కంపెనీ ఉద్యోగినని రాసుకుని, కావలసిన మార్పులు మూలాలతో సహా చర్చ పేజీలో అడగాలి. సంబంధం లేనివాళ్లు చూసి చేరుస్తారు. ‘అగ్రగామి’, ‘విశ్వసనీయ’ లాంటి మాటలు మేనేజర్ దగ్గరే ఉంచమనండి.

ప్రశ్న: సార్, జిలింక్సా, జైలింక్సా?
– ఒక డిప్లొమా విద్యార్థి, ఆదోని

జవాబు: జైలింక్స్. మన పిల్లల్లో సగం మంది జిలింక్స్ అనే వెతుకుతారు కాబట్టి ఆ పేరుతో వెతికినా అసలు పేజీకే తీసుకెళ్లే ఒక దారిమార్పు పెడితే మంచిదే. మా ల్యాబ్ అటెండర్ దాన్ని జిల్లింగుల పెట్టె అనేవాడు. దానికి అక్కర్లేదులే.