సుడో ఇవ్వకుండా షేర్డ్ డ్రైవ్ తెరిపించడం: ఉబుంటు, విండోస్, మ్యాక్

మీరు అడిగింది ఇది: కర్నూలులో డీటీపీ సెంటర్, ఉబుంటు సర్వర్లో సాంబా షేర్ (నెట్‌వర్క్‌లో అందరూ వాడుకునే ఫోల్డర్). పేజ్‌మేకర్‌కు రెండు విండోస్ సిస్టమ్‌లు, బిల్లింగుకు ఒక ఉబుంటు, డిజైనర్ దగ్గర మ్యాక్. బిల్లింగ్ అమ్మాయి డ్రైవ్ తెరవాలంటే ప్రతిసారీ సుడో (అడ్మిన్ అధికారం) పాస్‌వర్డ్ అడుగుతోంది, ఆమెకు సుడో ఇచ్చేయొచ్చా అని.

ఇవ్వొద్దు. మౌంట్ (డ్రైవ్‌ను ఒక ఫోల్డర్‌కు తగిలించే ఆదేశం) ఒక్కదానికే అని సుడోయర్స్‌లో (ఎవరికి ఏ అధికారమో రాసే ఫైల్) రాసినా అంతే. రూట్ (పూర్తి అడ్మిన్) హోదాలో మౌంట్ కొట్టగలిగితే ఏ ఫోల్డర్నైనా తెచ్చి, సిస్టమ్ సెట్టింగులుండే /ఈటీసీ మీద కప్పేయొచ్చు. ఆ తర్వాత ఆ సిస్టమ్ మీది కాదు. ఏది ఎక్కడ మౌంట్ కావాలో మీరు ఒకసారి రాసిపెడితే చాలు, ఆమె ఫోల్డర్ తెరుచుకుంటుంది. (ఆదేశాలు ఇక్కడ తెలుగులో రాస్తున్నా, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టండి.)

ముందు సర్వర్. సాంబా పాస్‌వర్డ్ వేరు, లినక్స్ పాస్‌వర్డ్ వేరు. ఒక్కొక్కరికీ ఎస్‌ఎంబీపాస్‌డబ్ల్యూడీ -ఏ తో విడిగా పెట్టాలి. అందర్నీ 'ప్రెస్' అనే గ్రూపులో చేర్చి, ఫోల్డర్‌ను ఆ గ్రూపుకిచ్చి సీహెచ్‌మాడ్ 2770 కొట్టండి. ముందున్న ఆ 2 వల్లే కొత్త ఫైళ్లు కూడా అదే గ్రూపుకి వస్తాయి. అది వదిలేస్తే ఒకరు సేవ్ చేసినది ఇంకొకరు దిద్దలేరు. సాంబా సెట్టింగుల ఫైల్ ఎస్‌ఎంబీ.కాన్ఫ్‌లో, షేర్ పేరు (ఇక్కడ జాబ్స్) కింద వ్యాలిడ్ యూజర్స్ = @ప్రెస్, రీడ్ ఓన్లీ = నో; క్రియేట్ మాస్క్, ఫోర్స్ క్రియేట్ మోడ్ రెండూ 0660. టెస్ట్‌పార్మ్ కొట్టి తప్పుల్లేవని చూసుకున్నాకే సర్వీస్ రీస్టార్ట్ చేయండి. రౌటర్లో సర్వర్ ఐపీని (ఇక్కడ 192.168.1.10 అనుకుందాం) రిజర్వ్ చేయడం మరిచిపోవద్దు. పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్ జోలికి మాత్రం పోకండి, విండోస్ 11 ప్రో 24హెచ్2 దాన్ని మామూలుగా ఒప్పుకోదు.

ఇక బిల్లింగ్ సిస్టమ్. సిఐఎఫ్‌ఎస్-యుటిల్స్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి, /ఎంఎన్‌టీ/జాబ్స్ అనే ఖాళీ ఫోల్డర్ చేసి, /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్‌లో ఒకే వరుసగా ఇది రాయండి:

//192.168.1.10/జాబ్స్ /ఎంఎన్‌టీ/జాబ్స్ సిఐఎఫ్‌ఎస్ క్రెడెన్షియల్స్=/ఈటీసీ/జాబ్స్.క్రెడ్,యూఐడీ=1000,జీఐడీ=1000,ఫైల్_మోడ్=0660,డిర్_మోడ్=0770,_నెట్‌డెవ్,నోఫెయిల్,ఎక్స్-సిస్టమ్‌డీ.ఆటోమౌంట్ 0 0

ఆ జాబ్స్.క్రెడ్ ఫైల్ను మీరే తయారుచేయాలి. అందులో రెండే వరుసలు, యూజర్‌నేమ్=, పాస్‌వర్డ్= (ఆమె సాంబా పేరు, పాస్‌వర్డ్). ఆ = గుర్తుకు ముందూ వెనకా ఖాళీ వదలకండి. ఫైల్ రూట్ పేరు మీద, 600 అనుమతితో ఉండాలి. యూఐడీ (యూజర్ నంబరు), జీఐడీ (గ్రూపు నంబరు), ఆ రెండు మోడ్‌లు రాయకపోతే ఫైళ్లన్నీ రూట్‌వి అన్నట్టు కనిపిస్తాయి, తెరుచుకుంటాయి కానీ సేవ్ కావు. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే, తప్పేమో సర్వర్లో వెతుకుతుంటారు. 1000 అనేది ఆమె నంబరేనా అని ఐడీ ఆదేశంతో చూసుకోండి. తర్వాత సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్, ఆపై సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ రిమోట్-ఎఫ్ఎస్.టార్గెట్ కొట్టండి.

నోఫెయిల్, ఆటోమౌంట్ మన దగ్గర తప్పనిసరి. కరెంటు పోయి వచ్చాక సర్వర్ కన్నా డెస్క్‌టాప్ ముందే లేస్తుంది. ఆ రెండూ లేకపోతే అది బూట్ అయ్యేటప్పుడే మౌంట్‌కు ప్రయత్నిస్తుంది, షేర్ దొరక్క ఫోల్డర్ ఖాళీగా మిగిలిపోతుంది. ఉంటే, ఫోల్డర్ తెరిచినప్పుడే మౌంట్ అవుతుంది. అన్నట్టు, యూపీఎస్‌కు సర్వర్ ఒక్కటే తగిలించి నెట్‌వర్క్ స్విచ్‌ను గోడ ప్లగ్గుకే వదిలేస్తారు చాలామంది. స్విచ్ ఆరిపోతే షేర్ మీద తెరిచి ఉన్న పేజ్‌మేకర్ ఫైల్ గతి అంతే. దాన్ని కూడా యూపీఎస్ మీదికి తెండి.

ఆ ఉబుంటు మీద ఇద్దరు ముగ్గురు మారి మారి కూర్చుంటే పై పద్ధతి సరిపోదు, సర్వర్‌కి అందరూ ఒకరిలాగే కనిపిస్తారు. అప్పుడు లిబ్‌పామ్-మౌంట్ అనే ప్యాకేజీ వాడండి. లాగిన్ పాస్‌వర్డ్‌తోనే షేర్ తెచ్చుకుంటుంది, కాబట్టి లాగిన్‌కూ సాంబాకూ పాస్‌వర్డ్ ఒకటే ఉండాలి, ఆటో లాగిన్ తీసేయాలి. ఫైల్స్ యాప్‌లో ఎస్‌ఎంబీ:// అని కొట్టినా సుడో అడగదు నిజమే. కానీ అది /రన్/యూజర్/1000/జీవీఎఫ్ఎస్ కింద ఎక్కడో దాక్కుంటుంది. రెండు ఫైళ్లు కాపీ చేసుకోవడానికి చాలు, బిల్లింగ్ డేటాబేస్‌ను దాని మీద నడపొద్దు.

విండోస్‌లో నెట్ యూజ్ జెడ్: \\192.168.1.10\జాబ్స్ /పర్సిస్టెంట్:యెస్ అని కొట్టండి. రెండు సిస్టమ్‌లలోనూ జెడ్ అనే పెట్టండి. పేజ్‌మేకర్ లింక్ చేసిన బొమ్మల దారిని డ్రైవ్ లెటర్‌తో సహా గుర్తుపెట్టుకుంటుంది. ఒక దాంట్లో జెడ్, ఇంకో దాంట్లో వై అయితే ప్రింటుకిచ్చేటప్పుడు బొమ్మలు దొరకవు. 1219 ఎర్రర్ వస్తే అదే సర్వర్‌కి వేరే యూజర్‌తో పాత కనెక్షన్ ఉందన్నమాట. నెట్ యూజ్ * /డిలీట్ కొట్టి, క్రెడెన్షియల్ మేనేజర్లో పాత పేరు కూడా తీసేయండి. రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరిచిన సాఫ్ట్‌వేర్‌కు జెడ్ కనిపించకపోవడం మామూలే, ఎందుకంటే డ్రైవ్‌కు జెడ్ అని పెట్టిన పేరు ఆ లాగిన్ సెషన్ వరకే. అలా కాకుండా మామూలుగా తెరవండి.

మ్యాక్‌లో ఫైండర్ తెరిచి కమాండ్-కె, ఎస్‌ఎంబీ:// చిరునామా, కీచెయిన్‌లో గుర్తుంచుకో అని టిక్, ఆ వాల్యూమ్‌ను లాగిన్ ఐటమ్స్‌లో చేర్చడం. అంతే. డిజైనర్‌కు ఒక్కమాట చెప్పండి: ఫైల్ పేర్లలో 12/4 అని పెట్టొద్దని. ఆ / గుర్తు విండోస్ ఒప్పుకోదు, అక్కడ పేరు గుర్తుపట్టలేనట్టు మారిపోతుంది. 12-04 అని రాస్తే ఏ సిస్టమ్‌లోనూ ఇబ్బంది ఉండదు.