దసరా, దీపావళి మధ్య ఢిల్లీకి వచ్చేవాళ్ళు ఏం చూడాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: దసరా సెలవుల్లో అమ్మానాన్నల్ని, ఏడేళ్ళ పాపని తీసుకుని మొదటిసారి ఢిల్లీ వస్తున్నారు. ఎర్రకోట, కుతుబ్ మినార్ ఏడాది పొడుగునా ఉంటాయి కదా, ఆ కాలంలో మాత్రమే దొరికేవి ఏమున్నాయి, ఏ వారం రావాలి, పొగ సంగతేమిటి అని అడిగారు. నాన్నగారికి కాస్త ఆయాసం ఉందని కూడా రాశారు.

నేను చాలా ఏళ్ళుగా ఇక్కడే ఉద్యోగం చేసుకుంటున్నాను. ఊరి నుంచి చుట్టాలు వస్తామని ఫోన్ చేస్తే చెప్పేదే మీకూ చెబుతున్నాను. నవరాత్రులు మొదలైన మూడో రోజుకో నాలుగో రోజుకో ఢిల్లీలో దిగండి. దీపావళికి వారం ముందే తిరుగు రైలెక్కండి. ఈ ఊరు ఏడాదిలో ఇంత బాగుండే కాలం ఇంకొకటి లేదు. వానలు వెళ్ళిపోయి ఉంటాయి, ఆకాశం తేటగా ఉంటుంది. మధ్యాహ్నం ఎండ ఇంకా చురుక్కుమంటుంది కానీ సాయంత్రం ఐదు దాటాక హాయిగా నడవచ్చు. స్వెట్టర్లు అక్కర్లేదు, పెద్దవాళ్ళకి ఒక పలచటి శాలువా చాలు.

పొగ గురించి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే నాన్నగారి విషయంలో అదే ముఖ్యం. వరి కోతలయ్యాక పంజాబ్, హర్యానా పొలాల్లో కొయ్యకాళ్ళు తగలబెడతారు. అదే సమయానికి ఇక్కడ గాలి మందగిస్తుంది. రాత్రిళ్ళు చల్లబడే కొద్దీ బండ్ల పొగ, దుమ్ము, ఆ పొలాల పొగ అన్నీ పైకి పోలేక నేలకి దగ్గరగా ఆగిపోతాయి. ఆ పైన టపాసులు. దీపావళి తర్వాత వాయు నాణ్యత సూచీ (ఈ అంకె ఎంత పెరిగితే గాలి అంత చెడ్డదని) 400 దాటే రోజులు మామూలే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే కళ్ళు మండి గొంతు పట్టేస్తుంది. ఆయాసం ఉన్న మనిషిని ఆ వారంలో తీసుకురావద్దని గట్టిగా చెబుతాను. అక్టోబరులో కూడా ఇన్‌హేలర్, రెండు మూడు ఎన్95 మాస్కులు బ్యాగులో ఉంచుకోండి.

ఇక అసలు సంగతి రామలీల. ఢిల్లీకి శరత్కాలంలో వచ్చి రామలీల చూడకుండా వెళ్ళిపోయారంటే నాకు నిజంగా బాధ వేస్తుంది. మన దగ్గర దసరా అంటే అమ్మవారు, జమ్మి చెట్టు, పాలపిట్ట. ఇక్కడ దసరా అంటే రాముడు. నవరాత్రుల్లో ప్రతి రాత్రీ కొంత కథ నడిపి, విజయదశమి నాటికి రావణవధ దగ్గరికి తెస్తారు. ఉత్తరాది రామలీల సంప్రదాయాన్ని 2008లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఎర్రకోట ముందున్న మైదానాల్లో ఒకటి కాదు, పక్కపక్కనే పెద్ద పెద్ద కమిటీల రామలీలలు జరుగుతాయి. మెట్రోలో లాల్ ఖిలా స్టేషన్‌లో దిగితే నడుచుకుంటూ వెళ్ళిపోవచ్చు. రాత్రి ఏడూ ఎనిమిది మధ్య మొదలై బాగా పొద్దుపోయేదాకా సాగుతుంది. లోపలికి వెళ్ళడానికి టికెట్ ఉండదు, ముందు వరుసలకి మాత్రం పాసులుంటాయి. చుట్టూ జెయింట్ వీల్, చాట్ బళ్ళు, చెక్క కత్తులూ బంగారు కాగితం గదలూ అమ్మేవాళ్ళు. మీ పాపకి ఒక గద కొనిపెట్టండి.

మా నాన్నకి హిందీ ఒక్క ముక్క రాదు. ఆయన్ని తీసుకెళ్ళినప్పుడు బోరు కొడుతుందేమోనని నాకు లోపల టెన్షన్‌గానే ఉంది. కథ తెలిసినవాడికి భాష అడ్డు కాదని అక్కడ కూర్చున్న కాసేపటికే అర్థమైంది. ఆ రాత్రి భరతుడు అడవికి వచ్చి రాముణ్ణి కలిసే ఘట్టం. పక్క కుర్చీలో కూర్చున్న ఒక పెద్దావిడ స్టేజీ మీద వాళ్ళతో పాటు తులసీదాసు రామాయణంలోని చౌపాయీలు (పద్యాలు) పెదాలు కదుపుతూ చదువుకుంటోంది. భరతుడు పాదుకలు నెత్తిన పెట్టుకోగానే ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇటు చూస్తే మా నాన్న కూడా తుడుచుకుంటున్నాడు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు, లేచేటప్పుడు మాత్రం ఒకరికొకరు దణ్ణం పెట్టుకున్నారు. అందుకే వీలుంటే కనీసం రెండు రాత్రులు దీనికే కేటాయించండి అంటాను. పాప కోసమైతే హనుమంతుడు లంకకి ఎగిరే రోజు చూసుకోండి. క్రేను కట్టి ప్రేక్షకుల తలల మీదుగా ఎగరేస్తారు, పిల్లలు కుర్చీలెక్కి అరుస్తారు.

అంత జనంలో, అంత రాత్రిదాకా అమ్మ కూర్చోలేరంటే ఇంకో దారి ఉంది. మండీ హౌస్ దగ్గర కోపర్నికస్ మార్గ్‌లో శ్రీరామ్ భారతీయ కళా కేంద్ర వాళ్ళు 1957 నుంచి రామాయణాన్ని నృత్యనాటకంగా వేస్తున్నారు. కథంతా ఒక్క సాయంత్రంలో, సుమారు మూడు గంటల్లో అయిపోతుంది. తూర్పు రాష్ట్రాల ఛౌ నృత్యం, కేరళ యుద్ధకళ కళరిపయట్టు లాంటివి కలిపిన నృత్యం, ఆరుబయట వేదిక, నంబరున్న కుర్చీలు. టికెట్ కొనాలి. నవరాత్రులతో మొదలుపెట్టి దీపావళి దగ్గరిదాకా వేస్తారు కాబట్టి దసరా రద్దీ తగ్గాక కూడా చూడొచ్చు. మైదానంలో దొరికే ఆ మేళా సందడి ఇక్కడ ఉండదు, కానీ పెద్దవాళ్ళకి ఇదే సుఖం.

దసరాకి వారం రోజుల ముందు ఒక పొద్దున్న తితార్‌పూర్ వెళ్ళండి. పశ్చిమ ఢిల్లీలో టాగూర్ గార్డెన్ మెట్రో స్టేషన్ దగ్గర. పర్యాటకుల జాబితాల్లో పెద్దగా కనపడదు కానీ నాకు ఢిల్లీలో చాలా ఇష్టమైన దృశ్యాల్లో ఇదొకటి. రావణుడి బొమ్మలు ఇక్కడే తయారవుతాయి. వెదురు బద్దలు చీల్చి, వంచి, తీగతో కట్టి చట్రం చేస్తారు. దాని మీద పాత చీరలు చుట్టి, ఆ పైన రంగు కాగితాలు అంటిస్తారు. తలలు ఒకచోట, మొండేలు ఒకచోట, చేతులు ఒకచోట. ఫుట్‌పాత్ పొడుగునా మెలితిప్పిన మీసాలతో తలలు వరసగా ఆరుతుంటే ఒక కుర్రాడు గిన్నెలో జిగురు పట్టుకుని ఒక్కొక్క కనురెప్పా అతికిస్తుంటాడు. పనివాళ్ళలో చాలామంది వేరే రాష్ట్రాల నుంచి ఈ సీజన్ కోసమే వచ్చి అక్కడే గుడారాల్లో ఉంటారు. పలకరిస్తే ఆనందంగా మాట్లాడతారు, ఫొటోకి ముందు అడగండి. పిల్లలు ఇంటికి తీసుకెళ్ళడానికి చిన్న సైజు రావణుళ్ళు కూడా అమ్ముతారు.

విజయదశమి సాయంత్రం మాత్రం ఎర్రకోట వైపు వెళ్ళకండి. ప్రముఖులు వస్తారు, మధ్యాహ్నం నుంచే రోడ్లు మూసేస్తారు, చిన్నపిల్లతో, పెద్దవాళ్ళతో ఆ తోపులాట వద్దు. ద్వారకా, రోహిణి, జనక్‌పురి ఎక్కడైనా సరే, కాలనీ మైదానంలో రావణ దహనం ఉంటుంది. చీకటి పడే వేళకి రావణుడు, కుంభకర్ణుడు, మేఘనాదుడు (మన ఇంద్రజిత్తు) ముగ్గురికీ నిప్పు పెడతారు. చప్పుడు గట్టిగా ఉంటుంది, పాప చెవుల్లో దూది పెట్టండి. గాలి ఎటు వీస్తోందో చూసుకుని నాన్నగారిని పొగ రాని వైపు, దూరంగా నిలబెట్టండి.

నవరాత్రుల్లో ఢిల్లీకి రెండో ముఖం చిత్తరంజన్ పార్క్. తూర్పు బెంగాల్ నుంచి నిర్వాసితులై వచ్చిన కుటుంబాలకి 1960లలో ఇచ్చిన కాలనీ ఇది. సప్తమి నుంచి దశమి దాకా కాలనీ అంతా దుర్గా పూజ పందిళ్ళే. అందరూ రాత్రి లైట్లు చూడ్డానికి వెళ్తారు. నేనైతే మీకు పొద్దున్నే వెళ్ళమని చెబుతాను. తొమ్మిదింటికి పుష్పాంజలి, జనం తక్కువ, అమ్మవారి ముఖం తీరిగ్గా చూసుకోవచ్చు. మధ్యాహ్నం భోగ్ (ప్రసాద భోజనం) పెడతారు: కిచిడీ, కూర, చట్నీ, పాయసం. ఎవరైనా వరసలో నిలబడి తినొచ్చు. అష్టమి వెళ్ళి నవమి వచ్చే ఘడియల్లో చేసే సంధి పూజకి 108 దీపాలు వెలిగిస్తారు. అది పడితే వదులుకోకండి. చుట్టుపక్కల ఢిల్లీ అంతా ఉపవాసాల్లో ఉంటే ఇక్కడ బళ్ళ మీద చేపల వేపుడు, మటన్ రోల్స్ అమ్ముతుంటారు. అమ్మగారికి అది పడదంటే ముందే చెప్పి తీసుకెళ్ళండి. దగ్గరి మెట్రో గ్రేటర్ కైలాశ్. సాయంత్రాలు లోపలికి బండ్లు రానివ్వరు. పాత ఢిల్లీ పూజ చూడాలనుంటే కశ్మీరీ గేట్ వాళ్ళది 1910 నుంచి నడుస్తోంది, సివిల్ లైన్స్‌లోని బెంగాలీ స్కూల్లో పెడతారు. హంగు తక్కువ, నాకు అది మరీ నచ్చుతుంది.

మీరు తెలంగాణ వాళ్ళైతే ఇంకో మాట. ఇండియా గేట్ దగ్గర తెలంగాణ భవన్‌లో బతుకమ్మ ఆడతారు. ఇక్కడ తంగేడు, గునుగు దొరకడం కష్టం, ఎక్కువగా గాజీపూర్ పూల మండీ నుంచి తెచ్చిన బంతి, చామంతితోనే పేరుస్తారు. పాట మాత్రం మన పాటే. ఏ రోజు ఆడతారో భవన్‌కి ఫోన్ చేసి కనుక్కోండి. పక్కనే ఆంధ్రా భవన్ క్యాంటీన్. నాలుగు రోజులు రొట్టెలు తిన్నాక నాన్నగారు అన్నం అన్నం అంటారు కదా, అప్పుడు అక్కడికి తీసుకెళ్ళండి. పప్పు, పొడి, నెయ్యి, పెరుగు, అడిగినంత అన్నం. ఆదివారం బిర్యానీకి ఊరంతా వస్తుంది కాబట్టి పెద్దవాళ్ళతో వారం మధ్యలో, పన్నెండున్నర లోపే వెళ్ళిపోండి.

దసరా అయ్యాక మూడు నాలుగు రోజులు నెమ్మదిగా తిరగండి. హుమాయూన్ సమాధి, దాని పక్కనే సుందర్ నర్సరీ ఒక పూటకి సరిపోతాయి. నర్సరీ అంటే 90 ఎకరాల తోట, మధ్యలో మొగలాయీ కాలపు కట్టడాలు. పాప పరిగెత్తొచ్చు, పెద్దవాళ్ళు బెంచీ మీద కూర్చోవచ్చు. రెండింటి మధ్య 2024లో తెరిచిన మ్యూజియం నేల కింద ఉంటుంది, ఎండ వేళకి అది. ఈ రోజుల్లో సాయంత్రం రోడ్డు మీద నడుస్తుంటే ఒక ఘాటైన తీపి వాసన వస్తుంది. అది ఏడాకుల పాల చెట్టు పూత, ఢిల్లీ నిండా ఉంది. విశాఖ వాళ్ళకి బాగా తెలుసు, హుద్‌హుద్ తుఫాను తర్వాత అక్కడ కూడా బోలెడు నాటారు. నాకు ఆ వాసన వస్తేనే చలికాలం దగ్గరికొచ్చిందని అనిపిస్తుంది. కొందరికి తలనొప్పి, ఆయాసం తెస్తుంది. నాన్నగారికి పడకపోతే ఆ చెట్లున్న వీధిలో సాయంత్రం నడక మానేయండి.

అక్టోబరు 2న ఊళ్ళో ఉంటే రాజ్‌ఘాట్‌కి పదకొండు తర్వాత వెళ్ళండి, పొద్దున్నంతా ప్రముఖుల రాకపోకలు. అంతకంటే తీస్ జనవరి మార్గ్‌లోని గాంధీ స్మృతి మనసుని పట్టుకుంటుంది. ఆయన చివరి 144 రోజులు గడిపిన ఇల్లు, ప్రార్థనకి నడిచి వెళ్ళిన దారిలో అడుగుల గుర్తులు అలాగే కట్టి ఉంచారు. సోమవారం మూసేస్తారు. ఆ మాటకొస్తే ఎర్రకోట, అక్షరధామ్, లోటస్ టెంపుల్, నేషనల్ మ్యూజియం అన్నిటికీ సోమవారం సెలవే. ఆ రోజుని కుతుబ్‌కో సుందర్ నర్సరీకో పెట్టుకోండి.

షాపింగ్‌కి దీపావళి ముందు వారాలే సరైనవి. ఒబెరాయ్ హోటల్ దగ్గర బ్లైండ్ రిలీఫ్ అసోసియేషన్ ఆవరణలో దీపావళి మేళా పెడతారు. అక్కడ శిక్షణ పొందే అంధులు చేసిన కొవ్వొత్తులు, ప్రమిదలు కొనుక్కోవచ్చు. నేను ఏటా అక్కడే కొంటాను. మట్టి ప్రమిదలు రాశులుగా చూడాలంటే ఉత్తమ్ నగర్ కుమ్మరి కాలనీ. సందులు ఇరుకు, పెద్దవాళ్ళని వదిలి మీరిద్దరూ పాపతో వెళ్ళిరండి.

ఏ కారణం చేతైనా నవంబరులోనే రావలసి వస్తే రెండున్నాయి. కార్తీక పౌర్ణమే గురునానక్ జయంతి. ఆ రాత్రి బంగ్లా సాహిబ్ గురుద్వారా కోనేటి చుట్టూ దీపాలు పెడతారు. అమ్మగారు కార్తీక దీపం పెట్టుకునే రోజు కాబట్టి ఆవిడకి బాగా నచ్చుతుంది. తలకి రుమాలు కట్టుకుని వెళ్ళండి, లంగర్‌లో (గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే భోజనం) నేల మీద కూర్చుని తినండి. రెండోది ప్రగతి మైదాన్‌లో ఏటా నవంబరు 14 నుంచి 27 వరకు జరిగే అంతర్జాతీయ వాణిజ్య మేళా. మన రెండు రాష్ట్రాల పెవిలియన్లు కూడా ఉంటాయి. మొదటి కొన్ని రోజులు వ్యాపారస్తులకి, టికెట్ ధర ఎక్కువ. తర్వాతి రోజుల్లో, అదీ శని ఆదివారాలు కాకుండా వెళ్ళండి. టికెట్ మెట్రో స్టేషన్‌లోనో యాప్‌లోనో ముందే కొనుక్కోండి. లోపల చాలా నడక ఉంటుంది. ఆ రోజు గాలి ఎలా ఉందో పొద్దున్నే ఫోన్‌లో చూసి, బాగా లేకపోతే నాన్నగారిని గదిలోనే ఉంచండి.

పండుగ తేదీలు తిథిని బట్టి ఏటా మారతాయి కాబట్టి ముందు క్యాలెండర్ చూసుకుని రైలు టికెట్లు తీసుకోండి. దసరా సీజన్లో బెర్తులు చాలా ముందే అయిపోతాయి. తేదీలు ఖాయమయ్యాక, ఏ ప్రాంతంలో దిగుతున్నారో ఇక్కడ రాస్తే ఆ చుట్టుపక్కల ఏ రామలీల దగ్గరో, పెద్దవాళ్ళకి ఎక్కడ కూర్చోవడానికి వీలుంటుందో చెబుతాను.