మానిటర్ కొత్తది, కార్డు పాతది: 54 వేలు ఎటు పోతాయి?

ప్రశ్న: నా వయసు 25. రుషికొండలో ఉద్యోగం, చేతికి 38 వేలు వస్తుంది. నర్సీపట్నంలో అమ్మానాన్నలకు 10 వేలు పంపుతాను. మధురవాడ ఫ్లాట్‌లో నా వాటా అద్దె 6,500. తిండి, పెట్రోలు, ఫోను కలిపి 9 వేలు, బండి ఈఎంఐ 3,900. బ్యాంకులో 22 వేలున్నాయి. గేమింగ్ కోసం 27 అంగుళాల 240 హెర్ట్జ్ ఓఎల్ఈడీ మానిటర్ చూశాను. ధర 54 వేలు, 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ. పీసీలో జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు ఉంది. ఎక్కువగా వాలరెంట్ ఆడతాను, అప్పుడప్పుడు పెద్ద ఆటలు. వారానికి రెండు రోజులు ఇంటి నుంచే పని. ‘బొమ్మలు చూడ్డానికి అంత డబ్బా’ అంటున్నారు నాన్న. వడ్డీ లేనప్పుడు కొంటే తప్పేంటి సార్?

జవాబు: తప్పేం లేదు. ఇంటికి పంపాల్సింది పంపి, అద్దె కట్టుకుని, మిగిలిన దాంట్లో ఆటకు కొంత పెట్టుకునే కుర్రాణ్ని నేను కోప్పడను. నా పేచీ మానిటర్‌తో కాదు. మీ కార్డుకూ దానికీ జోడీ కుదరదు, అక్కడుంది చిక్కు.

మానిటర్ బొమ్మను చూపిస్తుందంతే, తయారుచేసేది కార్డు. మీ 1650 అనేది 2019లో వచ్చిన 4 జీబీ కార్డు. మామూలు ఫుల్ హెచ్‌డీ తెరలో చుక్కలు దాదాపు 20.7 లక్షలు. మీరు చూసిన 27 అంగుళాల రకంలో సాధారణంగా ఉండేది 2560 బై 1440, అంటే 36.9 లక్షలు. ప్రతి బొమ్మకూ దాదాపు 1.8 రెట్ల చాకిరీ. వాలరెంట్ తేలికైన ఆట, సెట్టింగ్స్ తగ్గిస్తే ఎలాగో లాగేస్తుంది. పెద్ద ఆటలకు ఫుల్ హెచ్‌డీలోనే ఆ కార్డు ఆయాసపడుతుంది. సెకనుకు 240 బొమ్మలు చూపగల తెరకు 40 అందిస్తే, మిగతా దానికి మీరు కట్టిన డబ్బు ఊరికే కూర్చున్నట్టే.

కూర్చోనివ్వరు కదా! మూడు నెలలు తిరక్కుండా కొత్త కార్డు కొనాలనిపిస్తుంది. చాలా 1650 కార్డులు 75 వాట్లతో, విడిగా పవర్ కేబుల్ కూడా లేకుండా నడిచిపోతాయి కాబట్టి అలాంటి పీసీల్లో ఎస్ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా, కూడా చిన్నదే బిగిస్తారు. కార్డు మారిస్తే అదీ మార్చాల్సి రావచ్చు. నా దగ్గరికొచ్చే కుర్రాళ్ల లెక్కలు తప్పేది ఇక్కడే. కొన్న వస్తువు ధర రాస్తారు, అది వెంటబెట్టుకొచ్చే చుట్టాల ఖర్చు రాయరు.

ఇక హెర్ట్జ్ సంగతి, అంటే తెర సెకనుకు ఎన్ని బొమ్మలు మార్చగలదో ఆ లెక్క. 60 హెర్ట్జ్ తెర మీద ఒక్కో బొమ్మ 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది. 144లో 6.9, 240లో 4.2. అరవై నుంచి 144కి వెళ్తే దాదాపు 10 మిల్లీసెకన్లు కలిసొస్తాయి, కంటికి తేడా ఇట్టే తెలుస్తుంది. అక్కణ్నుంచి 240కి వెళ్తే కలిసొచ్చేది 3 కూడా లేదు. మొదటి పదికి మీరు పెట్టేది పది పన్నెండు వేలు. ఆ మూడు కోసం, ఓఎల్ఈడీ అందం కోసం ఇంకో నలభై వేలకు పైనే. పోటీల్లో ఆడేవాళ్లకు ఆ మూడూ ముఖ్యమే. ఆఫీసు ముగించుకుని రాత్రి పదింటికి ఫ్రెండ్స్‌తో కూర్చునేవాళ్లకు అంత అక్కర్లేదని నా అభిప్రాయం.

ఓఎల్ఈడీ అంటే ఒక్కో చుక్కా విడిగా వెలిగే, ఆరే తెర. అందులో నలుపు నిజంగానే నలుపు, కాదనను. కానీ వారానికి రెండు రోజులు అదే తెర మీద ఎనిమిదేసి గంటలు ఎక్సెల్ తెరిచి పెడతారు. కదలకుండా ఉండే టాస్క్‌బార్ లాంటివి ఏళ్ల తరబడి ఒకేచోట ఉంటే మచ్చగా మిగిలిపోయే ప్రమాదం ఆ రకం తెరలకు ఉంది.

నో కాస్ట్ ఈఎంఐ మాటకొద్దాం. సున్నా శాతం వడ్డీ పథకాలు కుదరవని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. అందుకే బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని అమ్మేవాళ్లు ముందే డిస్కౌంటుగా తగ్గిస్తారు. వడ్డీ 16 శాతం అనుకుందాం. నెలకు 4,500 చొప్పున 12 కడితే 54 వేలు. అందులో వడ్డీ సుమారు 4,400. దాని మీద 18 శాతం జీఎస్టీ దాదాపు 790, అది మీ నెత్తినే. ప్రాసెసింగ్ ఫీజు రెండొందలు, దానికీ జీఎస్టీ. మొత్తం వెయ్యి దాటింది. నగదుకు ద్వారకానగర్ షాపులో బేరమాడి తగ్గించుకునే రెండు మూడు వేలు కూడా వదులుకున్నట్టే. ఒక్క నెల క్రెడిట్ కార్డు బిల్లు ఆలస్యమైతే నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ పడుతుంది, అది వేరే కథ.

‘జీఎస్టీ తగ్గింది, ఇప్పుడే కొనండి’ అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. 2025 సెప్టెంబరు 22న 28 నుంచి 18 శాతానికి దిగింది 32 అంగుళాలు దాటిన వాటికే. మీ 27కి 2019 నుంచీ 18 శాతమే.

మీ లెక్క చూస్తే ఖర్చులు 29,400, మిగిలేది 8,600. ఈఎంఐ పోతే చేతిలో 4,100. బ్యాంకులో ఉన్నది ఒక నెల ఖర్చుకు కూడా చాలదు. 2014లో హుద్‌హుద్ తుపాను కొట్టిన వారం గుర్తుందా? మీరప్పుడు బళ్లో ఉండుంటారు. రోజుల తరబడి కరెంటు లేదు, ఏటీఎంలు పనిచెయ్యలేదు. చేతిలో నాలుగు నోట్లున్నవాడే దొర. ఉద్యోగం పోవడానికి తుపాను కూడా అక్కర్లేదు.

అందుకని నేనైతే ఇలా చేస్తాను. ఆ 22 వేలు ముట్టను. రెండు నెలలు ఓపిక పట్టి, మిగులులోంచి 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, ఐపీఎస్ రకం తెర, 165 లేదా 180 హెర్ట్జ్ ఉన్న మానిటర్ నగదుకు కొంటాను. పది పన్నెండు వేలలో దొరుకుతుంది. ఫుల్ హెచ్‌డీలోనే 27 అంగుళాలు తీసుకోకండి, అక్షరాలు పలచబడతాయి. వీఏ అనే ఇంకో రకం తెర చవగ్గా వచ్చినా చీకటి సీన్లలో కదిలేవాటి వెనక మసక కనిపించవచ్చు. డబ్బా మీద హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపే సదుపాయం) అని ఉందని అదనంగా ఒక్క రూపాయి పెట్టొద్దు, చవక తెరల్లో అది పేరుకే.

ఆ తర్వాత నెలకు 6 వేలు రికరింగ్ డిపాజిట్, 2,600 ఆటల ఖాతా. ఏడాదికి డిపాజిట్ 72 వేలు, పాత 22తో కలిపి 94. మూడు నెలల ఖర్చు 88 వేలు దాటినట్టే. ఆటల ఖాతాలో 31 వేలు చేరతాయి, దాంతో గ్రాఫిక్స్ కార్డు కొనండి. అప్పటికీ ఓఎల్ఈడీ మీద మోజు తీరకపోతే మళ్లీ రాయండి.

షాపులో డబ్బు కట్టేముందే ఆన్ చేయించి, తెల్ల తెరా నల్ల తెరా పెట్టి చచ్చిన చుక్కలు లేవని చూసుకోండి. సర్వీసు విశాఖలోనే ఉందా, హైదరాబాద్ పంపాలా అని అడగండి. డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ డబ్బాలో ఉందో లేదో చూడండి, కొన్ని మోడళ్లలో హెచ్‌డీఎంఐతో పూర్తి హెర్ట్జ్ రాదు.

ఇంటికొచ్చాక విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్ (అదే హెర్ట్జ్) 165కో 180కో మీరే మార్చాలి, చాలాసార్లు అది 60లోనే ఉండిపోతుంది. సీతమ్మధారలో నాకు తెలిసిన ఒకాయన కొడుక్కి 144 హెర్ట్జ్ మానిటర్ కొనిచ్చారు. పిల్లాడు ఎనిమిది నెలలు అరవైలోనే ఆడుతూ, ‘చూశావా నాన్నా, ఎంత స్మూత్‌గా ఉందో’ అని చెబుతూ వచ్చాడట.