హోనౌనౌ నీళ్లలో దిగబోయే మా అమ్మాయికి

చిరంజీవి బంగారు తల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వూ అల్లుడుగారూ వచ్చే నెల హవాయి వెళ్తున్నారనీ, కోనా తీరాన హోనౌనౌ అఖాతంలో స్నార్కెలింగ్ చేస్తారనీ మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. చిన్నప్పుడు కాలువ గట్టున నా చీర కుచ్చెళ్లు వదలని పిల్లవు, ఇప్పుడు మహాసముద్రంలో ముఖం ముంచి చేపలను చూడబోతున్నావంటే నాకు ఎంతో గర్వంగా ఉంది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. పన్నెండేళ్ల కిందట మీ పెదనాన్నతో అక్కడికి వెళ్లి నేను చేసిన పొరపాటు నీకు ఇంతవరకూ చెప్పలేదు.

మాస్కును ముందే ఈతకొలనులో పెట్టుకుని చూసుకో. సముద్రం శాంతంగా ఉండే ఉదయం వేళే దిగు, ఒంటరిగా దిగకు. ఆక్సిబెంజోన్, ఆక్టినోక్సేట్ అనే రసాయనాలు ఉన్న సన్‌స్క్రీన్‌ల అమ్మకాన్ని హవాయిలో 2021 జనవరి 1 నుంచి నిషేధించారు, పగడాలకు అవి హాని చేస్తాయని. ఇక్కడి నుంచి అటువంటివి పట్టుకెళ్లకుండా పొడుగు చేతుల ఈత చొక్కా కొనుక్కో.

నువ్వు ఈదబోయే చోటును ఆనుకునే పుఉహోనువా ఓ హోనౌనౌ ఉంది. పుఉహోనువా అంటే శరణాలయం. కపు అనే కట్టుబాటును మీరినవాళ్లకు మరణమే శిక్షగా ఉన్న రోజుల్లో, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఇక్కడికి చేరగలిగినవాళ్లను పూజారి శుద్ధిచేసి ఇంటికి పంపేవాడు. వాళ్లలో చాలామంది ఈ నీళ్లలోనే ఈదుకుంటూ వచ్చారట. కామెహమేహా రాజు భార్య కఅహుమను కూడా అలాగే ఈదివచ్చి ఒక బండ కింద దాక్కుందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. 1819లో కపు రద్దయినా, ఆ నేల పవిత్రత వాళ్ల మనసుల్లో రద్దు కాలేదు.

నీళ్లలోకి దిగేది ఆ పక్కనే, టూ స్టెప్ అనే లావా బండ మీది నుంచి. ఆనాడు ఆ బండ అంచున నీళ్లు లేస్తూ పడుతూ ఉంటే నా గుండె జారిపోయింది. అవతల, శరణాలయం ఆవరణలో, కొబ్బరిచెట్ల నడుమ కెఓనెఎలె అనే చిన్న సముద్రపు కయ్య కనిపించింది. ఇసుక తీరం, కదలని నీళ్లు. ఒకప్పుడు అది రాజుల పడవలు ఆగే రేవు, సామాన్యులు అడుగుపెట్టరాదు. ఇప్పుడు కూడా అక్కడ ఈత కూడదు. మీ పెదనాన్న వద్దంటున్నా వినకుండా, మోకాలి లోతే కదా అని నేను మాస్కు పెట్టుకుని దిగాను. అంచున ఇసుక మీద పడుకున్న పెద్ద తాబేలు తల ఎత్తి నన్ను చూసి, బరువుగా ఒళ్లు ఈడ్చుకుంటూ నీళ్లలోకి వెళ్లిపోయింది. నీడలో కూర్చున్న స్థానిక వృద్ధురాలు ఒకామె లేచి నా దగ్గరకు వచ్చింది. ఆమె గొంతు పెంచలేదు. ఆ తాబేలు ఒళ్లు కాచుకుని అలసట తీర్చుకోవడానికి గట్టుకు వస్తుందని చెప్పి, ఎదురుగా ఉన్న హలే ఓ కేఆవే అనే గుడి వైపు చెయ్యి చూపి, అందులో ఇరవై ముగ్గురు రాజుల అస్థికలు ఉండేవని చెప్పి, నేను బయటకు వచ్చేదాకా అక్కడే నిలబడింది. మన ఊరి గుడిలో ధ్వజస్తంభం దాకా చెప్పులతో వచ్చిన యాత్రికులను ఎన్నిసార్లు కసిరానో నీకు తెలుసు. తడిబట్టలతో ఆమె ముందు నిలబడిన నాకు ఒక్క మాట రాలేదు. ఆమె నన్ను కసరలేదమ్మా, అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

భయమే నన్ను అక్కడ దింపింది. అందుకే చెబుతున్నాను, టూ స్టెప్ దగ్గర అల పెద్దదిగా కనిపిస్తే ఆ రోజు ఈత మానుకో, సులువైన చోటు కోసం వెతకకు. దిగేటప్పుడు బండ మీద కూర్చునే కాళ్లకు ఫిన్స్ అనే ఈత రెక్కలు తొడుక్కుని, అల మెట్టు దాకా లేచినప్పుడు దానితోపాటు జారు. ఎక్కేటప్పుడు కూడా అల నిన్ను పైకి ఎత్తేదాకా ఓపిక పట్టు. బండ సందుల్లో చేతులు పెట్టకు, వానా అనే పొడుగు ముళ్ల ప్రాణులు ఉంటాయి. మాస్కులోకి నీళ్లు వస్తే వెల్లకిలా తేలు, పగడాల మీద మాత్రం కాలు మోపకు. 2015లో సముద్రం వేడెక్కి అక్కడి పగడాలు ఎన్నో తెల్లబారి చనిపోయాయి, మిగిలినవి ఏడాదికి అటూ ఇటూగా ఒక సెంటీమీటరు పెరుగుతాయి. తాబేళ్లకు పది అడుగుల దూరంలో ఉండు. డాల్ఫిన్లు పగటిపూట ఆ అఖాతంలో విశ్రాంతి తీసుకుంటాయి, వాటికి 50 గజాల లోపలికి వెళ్లరాదని 2021 నుంచి నియమం ఉంది.

ఈత అయ్యాక ఒళ్లు తుడుచుకుని, ఒంటినిండా బట్టలు వేసుకుని శరణాలయంలోకి వెళ్లు. సున్నమూ మట్టీ లేకుండా పేర్చిన ఆ పెద్ద గోడ ఎక్కకు, దాని మీద తువ్వాలు ఆరవేయకు, ఒక్క రాయి కూడా తెచ్చుకోకు. ఆ కయ్యకు దూరంగా నిలబడి నా తరఫున ఒక్కసారి చేతులు జోడించు.

అక్కడ ఉదయం తొమ్మిదైతే మనకు అర్ధరాత్రి దాటి పన్నెండున్నర అవుతుంది. నీళ్లలోంచి పైకి రాగానే ఫోన్ చెయ్యి, నేను మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ