41 ఏళ్ల వయసులో నర్సింగ్ చదువు: ఫీజు కోసం స్థలం అమ్మాలా?

ప్రశ్న: మేము ఎనిమిదేళ్లుగా ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటున్నాం. కిందటేడు ఐఎల్‌ఆర్ (బ్రిటన్‌లో శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చింది. నా వయసు 41. గుంటూరులో బీఎస్సీ బయోకెమిస్ట్రీ చదివాను. ఇప్పుడు ఒక కేర్ హోమ్‌లో పార్ట్‌టైమ్ చేస్తున్నాను, నెలకు 1,250 పౌండ్లు చేతికొస్తాయి. మావారి జీతం ఏడాదికి 64 వేల పౌండ్లు. పిల్లలకు 12, 9 ఏళ్లు. బ్యాంకులో 9 వేల పౌండ్లు ఉన్నాయి. వచ్చే సెప్టెంబర్‌లో యూనివర్సిటీలో నర్సింగ్‌లో చేరాలని నా కోరిక. అప్పు చేసి చదవడం మావారికి ఇష్టం లేదు, మంగళగిరి దగ్గరున్న స్థలం అమ్మి ఫీజు కట్టేద్దాం అంటున్నారు. ఈ వయసులో నాకు స్టూడెంట్ లోన్ ఇస్తారా? ఇస్తే తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, లెస్టర్

జవాబు: ఇస్తారు, తీసుకోండి. స్థలం జోలికి వెళ్లకండి.

మీవారి భయం అర్థం చేసుకోదగ్గదే. మన దగ్గర చదువు కోసం అప్పు అంటే నాన్న సంతకం, బ్యాంకులో ఇంటి కాగితాలు, ఉద్యోగం వచ్చినా రాకపోయినా మొదలైపోయే ఈఎంఐ. ఇంగ్లండ్ ప్రభుత్వ లోన్ అలా కాదు. పేరుకు అప్పే గానీ, జీతం మీద పడే అదనపు పన్నులా నడుస్తుంది. జీతం ఒక హద్దు దాటితేనే కట్టాలి. ఉద్యోగం పోతే కట్టక్కర్లేదు. మనిషి పోతే అప్పు రద్దవుతుంది, పిల్లల మీదికి రాదు.

ముందు మీ అర్హత సంగతి. ఫీజు లోన్‌కు వయోపరిమితి లేదు. ఇంటి ఖర్చులకిచ్చే మెయింటెనెన్స్ లోన్‌కు 60 ఏళ్ల లోపు ఉంటే చాలు. కోర్సు మొదలయ్యే రోజుకు ఐఎల్‌ఆర్ చేతిలో ఉండాలి, అంతకుముందు మూడేళ్లు బ్రిటన్‌లోనే నివాసం ఉండి ఉండాలి. మీకు రెండూ ఉన్నాయి. (ఇంకా డిపెండెంట్ వీసా మీదే ఉన్నవాళ్లకు మాత్రం ఈ దారి లేదు.)

అసలు చిక్కు మీ గుంటూరు డిగ్రీతో వస్తుంది. ఒకసారి డిగ్రీ ఉన్నవాళ్లు మళ్లీ అదే స్థాయి చదువుకు చేరితే ప్రభుత్వ సాయం ఉండదనే నిబంధన ఇంగ్లండ్‌లో 2008 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ డిగ్రీ ఏ దేశంలో చదివినా లెక్కలోకి వస్తుంది. మన ఊళ్లలో డిగ్రీ చేసి, పెళ్లయ్యాక ఇక్కడికొచ్చి, మళ్లీ చదువుకుందామనుకున్న ఎందరో ఆడవాళ్లకు ఈ రూల్ అడ్డుపడింది. సాయం అక్కర్లేనివాళ్లను వదిలేసి, అవసరమైనవాళ్లను పక్కన పెట్టిన నిబంధన ఇది. మీ విషయంలో మాత్రం ఊరట ఉంది. నర్సింగ్, మిడ్‌వైఫరీ, ఫిజియోథెరపీ లాంటి కోర్సులకు మినహాయింపు ఇచ్చారు. రెండో డిగ్రీ అయినా మీకు ఫీజు లోన్, మెయింటెనెన్స్ లోన్ రెండూ వస్తాయి.

ఇక లెక్క. ఇంగ్లండ్‌లో ఏడాది ఫీజు 2025-26లో 9,535 పౌండ్లు, 2026-27కి 9,790. అంతే ఉంటుందనుకున్నా మూడేళ్లకు 29,370. మీవారి జీతం కలిపి చూస్తారు కాబట్టి మెయింటెనెన్స్ లోన్ మీకు కనిష్ఠ మొత్తమే వస్తుంది, ఏడాదికి సుమారు 4,900. మొత్తం మీద 44 వేల పౌండ్ల అప్పు. ఈ అంకె చూసే చాలామంది వెనక్కి తగ్గుతారు. కానీ మీరు చూడాల్సింది ఎంత అప్పు అని కాదు, నెలకు ఎంత కోత అని. 2023 ఆగస్టు తర్వాత చేరినవాళ్లకు వర్తించే ప్లాన్ 5 ప్రకారం ఏడాదికి 25,000 పౌండ్లు దాటిన ఆదాయం మీద 9 శాతం కట్టాలి. ఎన్‌హెచ్ఎస్‌లో (ప్రభుత్వ వైద్య సేవలో) కొత్త నర్సు, అంటే బ్యాండ్ 5 ప్రారంభ జీతం 2025-26లో 31,049 పౌండ్లు. దాని మీద కోత నెలకు 45 పౌండ్లు. అదే బ్యాండ్ చివరి మెట్టు 37,796 దగ్గర నెలకు 96 పౌండ్లు.

మీరు 45వ ఏట పాసై 67 దాకా పనిచేస్తారనుకుందాం. మొదటి రోజు నుంచే బ్యాండ్ 5 చివరి మెట్టు జీతం తీసుకున్నా, ఆ 22 ఏళ్లలో ఇవాళ్టి ధరల్లో కట్టేది 25 వేల పౌండ్ల పైచిలుకు. అది ఫీజు లోన్ కంటే కూడా తక్కువ. వడ్డీ ఆర్‌పీఐ (రిటైల్ ధరల సూచీ) ద్రవ్యోల్బణం మేరకే ఉంటుంది. 40 ఏళ్ల తర్వాత మిగిలింది కొట్టేస్తారు. అంటే మీరు బహుశా ఎప్పటికీ పూర్తిగా తీర్చనక్కర్లేని అప్పును ముందే తీర్చడానికి స్థలం అమ్ముతానంటున్నారు మీవారు. ప్రమోషన్ల మీద బ్యాండ్ 7, 8 దాకా వెళ్తే మొత్తం తీర్చేస్తారు, నిజమే. అప్పుడు ఆ జీతానికి ఆ కోత బరువు కాదు.

పైగా స్థలం అమ్మితే వచ్చేదంతా చేతికి రాదు. ఎన్నారై అమ్మకం కాబట్టి కొనేవాళ్లు టీడీఎస్ పట్టుకునే డబ్బిస్తారు. దీర్ఘకాలిక లాభం మీద ఇండియాలో 12.5 శాతం పన్ను, దాని మీద సెస్సు. మీరు బ్రిటన్ నివాసులు కాబట్టి అదే లాభాన్ని ఇక్కడా చూపించాలి. ఇండియాలో కట్టిన పన్ను మినహాయిస్తారు గానీ ఇక్కడి రేటు 18 లేదా 24 శాతం, కాబట్టి తేడా చేతినుంచి పడుతుంది.

మీ ఇంటికి అసలు టెన్షన్ ఫీజుతో కాదు, నెల ఖర్చుతో. మీ 1,250 పౌండ్లు ఆగిపోతాయి. నర్సుగా రిజిస్టర్ అవ్వాలంటే 2,300 గంటల ప్లేస్‌మెంట్ (ఆసుపత్రుల్లాంటి చోట్ల శిక్షణ పని) చేయాలి, రాత్రి షిఫ్టులతో సహా. దానికి జీతం రాదు. ఆదివారాలు కేర్ హోమ్‌లో చేస్తూ నెట్టుకొస్తానని మాత్రం అనుకోకండి, ఒంట్లో శక్తి మిగలదు.

దీనికోసమే ఎన్‌హెచ్ఎస్ లెర్నింగ్ సపోర్ట్ ఫండ్ ఉంది. 2017లో నర్సింగ్ విద్యార్థుల బర్సరీ (తిరిగి కట్టక్కర్లేని ఆర్థిక సాయం) ఎత్తేసి అందరినీ లోన్ల మీదికి నెట్టారు. అందులో ఎక్కువ దెబ్బ తిన్నది ఇల్లూ పిల్లలూ ఉన్న పెద్ద వయసు విద్యార్థులే. 2020 సెప్టెంబర్ నుంచి కొంత తిరిగి ఇస్తున్నారు: ఏడాదికి 5,000 పౌండ్ల గ్రాంటు, 15 ఏళ్ల లోపు పిల్లలుంటే ఇంకో 2,000. ఇది తిరిగి కట్టక్కర్లేదు, మీవారి జీతంతో సంబంధం లేదు. ప్లేస్‌మెంట్‌కు అదనంగా అయ్యే ప్రయాణ ఖర్చులు కూడా అడగొచ్చు. ఏటా మళ్లీ దరఖాస్తు చేయాలి, అది మర్చిపోకండి.

ఈ 7,000కు మెయింటెనెన్స్ లోన్ కలిపితే నెలకు సుమారు 990 పౌండ్లు. లోటు 260. మీరు ఫుల్‌టైమ్ విద్యార్థి అయ్యాక ఇంట్లో లెక్కకొచ్చే పెద్దవాళ్లు మీవారొక్కరే కాబట్టి కౌన్సిల్ ట్యాక్స్‌లో (ఇంటి మీద కట్టే స్థానిక పన్నులో) 25 శాతం తగ్గుతుంది, అడిగి తీసుకోండి. మిగతాది మీ 9 వేల నుంచి మూడేళ్లూ నడుస్తుంది. డబ్బు నెలనెలా రాదు, ఏడాదికి మూడు విడతలుగా వస్తుంది. మొదటి విడత ఆలస్యమైతే ఇబ్బంది పడకుండా చేరేనాటికి కనీసం మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోండి. చైల్డ్ బెనిఫిట్ (పిల్లల కోసం ప్రభుత్వమిచ్చే భత్యం) క్లెయిమ్ మీ పేరు మీద ఉందో లేదో కూడా చూడండి. చిన్నబ్బాయో అమ్మాయో 12 ఏళ్లు నిండేదాకా ఆ క్లెయిమ్ వల్ల మీ స్టేట్ పెన్షన్‌కు నేషనల్ ఇన్సూరెన్స్ క్రెడిట్లు పడతాయి, ఆ మేరకు చదువుకునే ఏళ్లు వృథా కావు.

ఒక జాగ్రత్త. రేపు ఉద్యోగం మానేసి ఇండియా వెళ్లిపోతే లోన్ వదిలిపోదు. ఈ లోన్లు చూసే స్టూడెంట్ లోన్స్ కంపెనీకి ఆదాయం చెప్పాలి, ఇండియాలో ఉండేవాళ్లకు ఆ 25,000 హద్దు చాలా తక్కువకు దిగుతుంది. చెప్పకుండా ఊరుకుంటే వాళ్లే ఒక కిస్తీ వేసేస్తారు. అయిదారేళ్లలో తిరిగి వెళ్లే ఆలోచన ఉంటే ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి.

నర్సింగ్ కాకుండా అకౌంటింగ్, సైకాలజీ లాంటి రెండో డిగ్రీ చేయాలనుకునే ఇతర పాఠకులకు నా సలహా వేరు. లైఫ్‌లాంగ్ లెర్నింగ్ ఎన్‌టైటిల్‌మెంట్ అనే కొత్త పద్ధతి 2027 జనవరి నుంచి మొదలయ్యే కోర్సులకు వస్తుంది, దరఖాస్తులు 2026 సెప్టెంబర్ నుంచి. 60 ఏళ్ల లోపు వాళ్లకు నాలుగేళ్ల ఫీజుకు సరిపడా లోన్ హక్కు ఇస్తారు, ఆ 2008 నాటి రూల్‌ను తీసేస్తామని ప్రభుత్వం చెప్పింది. సొంత డబ్బుతో తొందరపడి చేరకుండా అప్పటిదాకా ఆగండి.

మీరు అప్లికేషన్ పంపేలోపు ఒక పని చేయండి. బీఎస్సీ ఉన్నవాళ్లకు కొన్ని యూనివర్సిటీలు రెండేళ్ల ఎంఎస్సీ నర్సింగ్ కోర్సు నడుపుతున్నాయి. దానికీ ఇదే లోన్, ఇదే గ్రాంటు. ఒక ఏడాది ఫీజు తగ్గుతుంది, ఒక ఏడాది ముందే జీతం మొదలవుతుంది. మీ డిగ్రీకి యూకే ఎనిక్ (విదేశీ డిగ్రీలు ఇక్కడి ఏ స్థాయికి సమానమో చెప్పే సంస్థ) నుంచి సమానత్వ పత్రం తీసుకుని, కేర్ హోమ్‌లో చేసిన పని గంటలు రాయించుకుని అడ్మిషన్ల వాళ్లకు ఈమెయిల్ చేయండి. వాళ్లు కుదరదంటే మూడేళ్ల కోర్సుకే జనవరి గడువులోపు యూకాస్‌లో (యూనివర్సిటీ దరఖాస్తులు తీసుకునే సంస్థలో) పెట్టేయండి.